ఫ్లవర్ ఆఫ్ ఈవిల్ (కొరియన్ ధారావాహిక)

ఫ్లవర్ ఆఫ్ ఈవిల్ దక్షిణ కొరియాకు చెందిన ఒక టెలివిజన్ ధారావాహిక. నేరపరిశోధన, ఉత్కంఠ, దాంపత్య ప్రేమ అనే మూడు పాయలను ఒకే కథలో ముడివేసిన రచన ఇది. టి.వి.ఎన్. అనే కేబుల్ ఛానెల్‌లో 2020 జూలై 29న మొదలై అదే సంవత్సరం సెప్టెంబరు 23న ముగిసింది. బుధ, గురువారాలలో రాత్రివేళ ప్రసారమైంది. మొత్తం 16 భాగాలు. ఒక్కొక్క భాగం నిడివి గంటకు పైబడి ఉంటుంది. దర్శకత్వం కిమ్ చొల్-గ్యు, రచన యు జొంగ్-హీ. స్టూడియో డ్రాగన్, మాన్‌స్టర్ యూనియన్ సంస్థలు నిర్మించాయి. లీ జున్-గి, మూన్ ఛే-వన్ ప్రధాన పాత్రధారులు.

పద్నాలుగేళ్ళుగా తాను ప్రేమించిన భర్త ఒక హంతకుడేమోనని పోలీసు డిటెక్టివ్ అయిన భార్యకు అనుమానం కలగడం ఈ ధారావాహికకు బీజం. ఇటువంటి ఇతివృత్తంతో చాలా కథలు వచ్చినప్పటికీ, నేరస్థుని సంతానానికి సమాజం వేసే శిక్ష ఎటువంటిదన్న ప్రశ్నను దీనికి జోడించడం వలన ఇది ప్రత్యేకతను సంతరించుకొన్నది. ఇందులోని గుణాలకూ, దోషాలకూ కూడా మూలం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

పేరు

కొరియన్ భాషలో దీని పేరు "ఆగె కొత్". "ఆక్" అంటే చెడు, "కొత్" అంటే పువ్వు. చెడులో పూసిన పువ్వు అని తెలుగులో చెప్పుకోవచ్చును. ఫ్రెంచి కవి షార్ల్ బోదలేర్ 1857లో ప్రచురించిన సుప్రసిద్ధ కవితా సంపుటికి కొరియన్ అనువాదంలో ఉన్న పేరు కూడా ఇదే. పేరు తప్ప కథాపరంగా ఆ సంపుటికీ దీనికీ పోలిక లేదు. ఈ పువ్వు ఎవరు అనే విషయంలో కథ కావాలనే తికమక పెడుతుంది. హంతకుని కడుపున పుట్టిన కొడుకా, లేక పెద్దింటి పరువు మాటున దాగిన మరొకడా అన్నది తేలడానికి సగం కథ గడవాలి.

కథా సంగ్రహం

గమనిక: ఈ విభాగంలోనూ, దీని తరువాతి విభాగాలలోనూ కథ ముగింపుతో సహా చెప్పబడింది.

బేక్ హీ-సంగ్ (లీ జున్-గి) లోహాలతో కళాత్మకమైన వస్తువులు తయారు చేసే శిల్పి. భార్య ఛా జి-వన్ (మూన్ ఛే-వన్) పోలీసు శాఖలో తీవ్రనేరాల విభాగంలో డిటెక్టివ్. వారికి ఉన్-హా అనే చిన్న కూతురు. భార్య వేళాపాళా లేని ఉద్యోగం చేస్తూ ఉంటే, భర్త ఇంటిపని, వంటపని, పిల్ల పెంపకం చూసుకొంటూ ఉంటాడు. పైకి ఏ లోటూ లేని సంసారం. అయితే అతని అత్తమామలకు తెలియనిదీ, అతని తల్లిదండ్రులుగా చెలామణి అవుతున్న వారికి మాత్రమే తెలిసినదీ ఒక రహస్యం ఉన్నది. అతడు బేక్ హీ-సంగ్ కాడు. అతని అసలు పేరు దో హ్యున్-సు.

హ్యున్-సు తండ్రి దో మిన్-సొక్ 18 ఏళ్ళ కిందట యొంజు అనే (కల్పిత) నగరంలో వరుస హత్యలు చేసి, తరువాత ఆత్మహత్య చేసుకొన్నవాడు. కొడుకు కూడా తండ్రికి తోడ్పడ్డాడని ఊరంతా నమ్మింది. ఆ గ్రామపెద్ద హత్యకు గురవడం, అదే సమయంలో హ్యున్-సు పారిపోవడం జరిగింది. నాటినుండి అతడు పోలీసులు వెదికే నిందితుడు. కొంతకాలానికి అసలు బేక్ హీ-సంగ్ (కిమ్ జి-హూన్) తారసపడడం, ఆ ఘటనలో ఇతడు స్పృహ కోల్పోయి కోమాలోకి వెళ్ళడం జరుగుతాయి. హీ-సంగ్ తండ్రి పెద్ద వైద్యుడు, తల్లి ఔషధ నిపుణురాలు. తమ కొడుకు చేసిన ఘోరాలు బయటపడకుండా కాపాడుకోవడానికి వారు కొడుకును ఇంటిలోనే దాచి, అతని పేరును, గుర్తింపును హ్యున్-సుకు ఇస్తారు.

కథ మొదట్లోనే కిమ్ ము-జిన్ (సొ హ్యున్-ఊ) అనే విలేఖరి శిల్పశాలకు వచ్చి, తన పాత సహపాఠిని గుర్తు పడతాడు. హ్యున్-సు అతనిని నేలమాళిగలో బంధిస్తాడు. అదే సమయంలో, దో మిన్-సొక్ హత్యల తీరును అనుకరిస్తూ నగరంలో ఒక హత్య జరుగుతుంది. ఆ కేసు జి-వన్ చేతికి వస్తుంది. ఆ విధంగా ఒకే కప్పు కింద ఒకరు దో హ్యున్-సును వెదుకుతూ, మరొకరు దో హ్యున్-సును దాస్తూ ఉంటారు. ఆ హత్య చేసినవాడు పాత కేసులో చివరి బాధితురాలి భర్త. ఆమె శవం ఎక్కడున్నదో తెలుసుకోవాలన్న వేదనతో అతడీ పనికి పాల్పడతాడు. చివరకు ఆమె మరణించలేదనీ, మనుషులను అమ్ముకొనే ముఠా చేతిలో పడినదనీ తెలుస్తుంది.

దాదాపు సగం కథ పూర్తయ్యేసరికి భర్త ఎవరో జి-వన్‌కు తెలుస్తుంది. గ్రామపెద్దను చంపినది హ్యున్-సు కాదనీ, అతని అక్క దో హే-సు (జాంగ్ హీ-జిన్) అనీ, తమ్ముడు ఆ నింద తనపై వేసుకొని వెళ్ళిపోయాడనీ తరువాత బయటపడుతుంది. తండ్రికి నిజమైన సహచరుడు అసలు బేక్ హీ-సంగ్. అతడు కోమానుండి లేచి తిరిగి హత్యలు ప్రారంభించి, వాటిని హ్యున్-సు మీదికి నెడతాడు. భార్య చనిపోయినదని నమ్మిన హ్యున్-సు పగ తీర్చుకోబోతాడు. తుపాకి కాల్పులతో ఆ పోరు ముగుస్తుంది. అసలు హీ-సంగ్ మరణిస్తాడు. హ్యున్-సు బ్రతుకుతాడు గాని, జి-వన్‌తో గడిపిన సంవత్సరాల జ్ఞాపకాలన్నీ పోతాయి. చివరి భాగం ఆ ఇద్దరూ మళ్ళీ దగ్గరవడానికి సంబంధించినది.

చట్టపరమైన నేపథ్యం

ఈ ధారావాహికను చూసే విదేశీ ప్రేక్షకులకు కొన్ని సందేహాలు కలుగుతాయి. అంత పాత హత్యకు ఇప్పుడు ఇంత భయమెందుకు? భర్తను దాచిన పోలీసు అధికారిణి ఎందుకు జైలుకు పోదు? వీటికి సమాధానం కొరియా చట్టాలలో ఉన్నది.

హత్యకేసులో అభియోగం మోపడానికి కొరియాలో పూర్వం 15 సంవత్సరాల గడువు ఉండేది. 2007లో జరిగిన సవరణతో అది 25 సంవత్సరాలయింది; కాని ఈ పెంపు అంతకు ముందు జరిగిన నేరాలకు వర్తించలేదు. 1999లో దేగు నగరంలో ఆమ్లదాడికి గురై మరణించిన ఒక బాలుని తల్లిదండ్రులు సాగించిన పోరాట ఫలితంగా 2015లో, మరణశిక్షకు తగిన హత్యలన్నింటికీ గడువే ఎత్తివేశారు. అప్పటికి గడువు తీరని పాత హత్యలకు కూడా దీనిని వర్తింపజేశారు. విచారకరమైన విషయం ఏమంటే, ఆ బాలుని కేసుకు మాత్రం అప్పటికే గడువు దాటిపోయింది.

ఇప్పుడు కథలోని లెక్క చూడండి. గ్రామపెద్ద హత్య 2020కి 18 ఏళ్ళ ముందు, అనగా 2002 ప్రాంతంలో జరిగినట్లు. పాత చట్టమే ఉండి ఉంటే 2017తో దో హ్యున్-సు భయం తీరిపోయేది. 2015 నాటి సవరణ వలన అతనికి ఆ విముక్తి లేదు. జీవితాంతం వేరొకరి పేరుతో బ్రతకవలసి రావడం అందువల్లనే. కథలో ఈ లెక్కను ఎవరూ విడమరచి చెప్పరు. కొరియా ప్రేక్షకులకు చెప్పనవసరం లేదు.

రెండవది, నేరస్థుని దాచడం. కొరియా నేర శిక్షాస్మృతి 151వ సెక్షన్ ప్రకారం అది నేరమే అయినా, బంధువులు, ఒకే ఇంటిలోని కుటుంబ సభ్యులు తమవారి కోసం ఆ పని చేస్తే శిక్ష లేదు. సాక్ష్యం మాయం చేయడం విషయంలో 155వ సెక్షన్‌లో కూడా ఇటువంటి మినహాయింపే ఉన్నది. భార్య భర్తను పట్టి ఇవ్వాలని చట్టం పట్టుబట్టదన్నమాట. కాని జి-వన్ భార్య మాత్రమే కాదు, డిటెక్టివ్ కూడా. ఉద్యోగధర్మం విడిచిన ప్రభుత్వోద్యోగికి అదే శిక్షాస్మృతి 122వ సెక్షన్‌లో శిక్ష ఉన్నది. భార్యగా ఆమెకు దొరికే మినహాయింపు ఉద్యోగిగా దొరకదు. ఈ కథలోని సంకటం భావోద్వేగం మాత్రమే కాదు, చట్టంలో కూడా ఉన్న చిక్కుముడి అని దీనివలన తెలుస్తుంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఒకరి నేరానికి వారి బంధువులను బాధ్యులను చేసే ఆచారం కొరియాలో రాచరిక కాలం నుండి ఉండేది. 1894 నాటి సంస్కరణలలో దానిని రద్దు చేశారు. అయినా కొరియా యుద్ధం తరువాత, ఉత్తరానికి వెళ్ళిపోయిన వారి కుటుంబాలకు ఉద్యోగాలలోనూ, విదేశీ ప్రయాణాలలోనూ అడ్డంకులు కల్పించడానికి ఆ పద్ధతి మరో రూపంలో దశాబ్దాలపాటు కొనసాగింది. 1980 రాజ్యాంగంలో దీనిపై నిషేధం చేర్చారు. ప్రస్తుత రాజ్యాంగంలో కూడా 13వ అధికరణం మూడవ ఖండం, తాను చేయని పనికి, బంధువు చేసిన పనికి ఏ పౌరుడూ నష్టపోరాదని చెబుతున్నది. రాజ్యాంగం చెప్పినంత మాత్రాన ఊరు వింటుందా అన్నది ఈ ధారావాహిక వేసే ప్రశ్న. తండ్రి హత్యలు బయటపడిన తరువాత ఊరివారు ఆ ఇద్దరు పిల్లలను చూసిన తీరు, బాలుడికి దయ్యం పట్టిందని చేయించిన భూతవైద్యం, అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు దూరంగా బ్రతకవలసి రావడం - ఇవన్నీ ఏ న్యాయస్థానమూ వేయని శిక్షలు. "తండ్రి పాపం బిడ్డలకు తగులుతుంది" అనే మాట విని పెరిగిన మనకు ఇది దూరదేశపు సంగతిగా తోచదు.

గుణాలు

ఉత్కంఠను నడిపిన తీరు దీని ప్రథమ గుణం. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన ఒక భేదం ప్రసిద్ధమైనది. బల్ల కింద బాంబు ఉన్నదని ప్రేక్షకునికి ముందుగా చెప్పకుండా పేల్చితే క్షణకాలపు ఆశ్చర్యం మాత్రమే. ముందే చెప్పి, బల్ల దగ్గర కూర్చున్నవారిచేత కబుర్లు చెప్పిస్తే నిమిషాల తరబడి ఉత్కంఠ. ఈ ధారావాహిక రెండవ మార్గాన్ని ఎంచుకొన్నది. భర్త అసలు పేరు మొదటి భాగాలలోనే ప్రేక్షకునికి తెలుస్తుంది, భార్యకు తెలియదు. నేలమాళిగలో బందీ ఉండగా పైన కుటుంబం మాటలాడుకోవడం, తాను వెదికే మనిషి గురించి ఆమె అతనితోనే చర్చించడం వంటి సన్నివేశాలకు బలం దీనివల్లనే వచ్చింది. సగానికి చేరేసరికి తూకం తిరగబడుతుంది. భార్యకు తెలుసు, ఆమెకు తెలుసని భర్తకు తెలియదు. ఇప్పుడు నటించడం ఆమె వంతు. ఒకే రకమైన సన్నివేశం, ఎవరికి ఏమి తెలుసు అన్నది మారినందువలన, పూర్తిగా వేరే అర్థాన్ని ఇస్తుంది. రచనలో ఇంతకంటె మెచ్చుకోదగిన అంశం మరొకటి లేదు.

రెండవ గుణం ప్రేమకథను నేరకథకు అతికించకుండా, నేరపరిశోధన పద్ధతినే ప్రేమకథకు వాడుకోవడం. సాధారణంగా ఇటువంటి ధారావాహికలలో దర్యాప్తు ఒక పక్క, ప్రేమ మరొక పక్క నడుస్తాయి. ఒకటి సాగుతుంటే రెండవది ఆగుతుంది. ఇక్కడ జి-వన్ సేకరించే ప్రతి ఆధారమూ రెండు ప్రశ్నలకు జవాబు కావలసి ఉంటుంది. ఇతడు చంపాడా? ఇతడు నన్ను ప్రేమించాడా? హ్యున్-సుకు చిన్ననాడే భావాలు లేనివాడని ముద్ర పడింది. అద్దం ముందు కూర్చుని, వీడియోలు చూస్తూ నవ్వు, విచారం, ఆశ్చర్యం సాధన చేస్తాడు. తనకు ప్రేమ తెలియదని అతడే నమ్ముతాడు. కనుక అతని మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి వీలులేదు. అతని చేతలను మాత్రమే చూడాలి. పద్నాలుగేళ్ళు చూసిన సాక్షి ఆమె ఒక్కతే. రెండవ సగంలో అతడు మొదటిసారిగా, సాధన చేయని దుఃఖంతో వెక్కివెక్కి ఏడ్చే సన్నివేశం ఈ ధారావాహికకు శిఖరం. అప్పటివరకు ప్రతి ముఖకవళికనూ కొలిచి వేసిన నటుడు అక్కడ ఆ కొలతను విడిచిపెట్టడం గమనించదగినది.

లీ జున్-గి 2005లో వచ్చిన "ద కింగ్ అండ్ ద క్లౌన్" చలనచిత్రంతో పేరు పొందిన నటుడు. ఆ తరువాత చారిత్రక పాత్రలతోనూ, పోరాట సన్నివేశాలతోనూ ఎక్కువగా గుర్తింపు పొందాడు. ఇందులో అతడు చేయవలసినది నటనలో నటన. భావం లేని మనిషి, భావం ఉన్నట్లు నటించడం, ఆ నటన పైకి కనబడీ కనబడకుండా ఉండడం. ఎవరూ చూడనప్పుడు ముఖంలోని నవ్వు దీపం ఆర్పినట్లు ఆరిపోతుంది. మూన్ ఛే-వన్ పాత్ర పైకి అంత మెరుపు లేనిదైనా, కష్టం తక్కువది కాదు. ఈ ఇద్దరూ అంతకు ముందు 2017లో అదే ఛానెల్‌లో వచ్చిన "క్రిమినల్ మైండ్స్" కొరియన్ రూపంలో కలసి నటించారు.

సహాయ పాత్రలలో దో హే-సు పాత్రను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆమె సినిమాలకు గాయాలు, శవాలు వంటివి సహజంగా కనబడేటట్లు తీర్చే ప్రత్యేక అలంకరణ కళాకారిణి. చేతులతో బూటకపు గాయాలు చేస్తూ, లోపల నిజమైన గాయాన్ని మోసే స్త్రీ. తమ్ముని త్యాగం ఆమెకు వరం కాలేదు, మరొక శిక్ష అయింది. జాంగ్ హీ-జిన్ ఈ పాత్రను కేకలు, కన్నీళ్ళు లేకుండా నిలబెట్టింది. కోమానుండి లేచిన అసలు హీ-సంగ్‌గా కిమ్ జి-హూన్ నటన ప్రేక్షకులను భయపెట్టినంతగా మెప్పించింది కూడా. అతని తల్లిగా నామ్ గి-ఏ, తండ్రిగా సోన్ జొంగ్-హక్ నటించారు. కొడుకు మీది మమకారం నేరానికి ఎంత దూరం దారితీస్తుందో ఆ తల్లి పాత్రలో చూడవచ్చును. పాప ఉన్-హాగా వేసిన బాలనటి జొంగ్ సొ-యొన్ ముద్దుమాటల బొమ్మగా కాక, నిజమైన పిల్లలా ప్రవర్తిస్తుంది.

దర్శకుడు కిమ్ చొల్-గ్యు 2006లో "హ్వాంగ్ జిని" అనే చారిత్రక ధారావాహికకు, 2018లో "మదర్", 2019లో "కన్ఫెషన్" ధారావాహికలకు దర్శకత్వం వహించాడు. "మదర్" హింసకు గురైన ఒక పసిపిల్లను తనతో తీసుకుపోయే ఉపాధ్యాయురాలి కథ. చట్టం తప్పు అనే పనిని ప్రేమ ఒప్పు అనగలదా అన్న ప్రశ్న అందులోనూ ఉన్నది. ఇటువంటి కథలను అరుపులు లేకుండా, మౌనానికి చోటిస్తూ నడిపే అలవాటు ఈ దర్శకునిది.

లోపాలు

కథ ఆ ఇంటి గడప లోపల ఉన్నంతసేపు పట్టు సడలదు. గడప దాటి బయటకు వెళ్ళినప్పుడు సడలుతుంది. మనుషులను అమ్మే ముఠా ఘట్టం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ముఠాను పట్టుకొనే ప్రయత్నం, డబ్బు సంచులు, వేషాలు, వెంబడింపులు మూడు నాలుగు భాగాలను ఆక్రమించుకొంటాయి. అవి ఏ పోలీసు ధారావాహికలోనైనా ఉండదగినవి. ఈ దంపతులకే చెందినవి కావు. ఆ ముఠా నాయకుడు కథకు ఒక సమాచారం అందించి తప్పుకోవడానికే పుట్టినవాడు.

పోలీసు విధానాల చిత్రణ మరొక లోపం. తన భర్తే అనుమానితుడని తెలిసిన డిటెక్టివ్ ఆ దర్యాప్తులో కొనసాగడం, తోటివారికి తెలిసిన తరువాత కూడా ఆమెకు అందుబాటులో సమాచారం ఉండడం నమ్మశక్యం కానివి. పైన చెప్పిన చట్టపరమైన చిక్కు అంత బలమైనదైనా, చివరలో జి-వన్ ఉద్యోగానికి సంబంధించిన పర్యవసానాన్ని కథ తేలికగా దాటవేసింది. సంకటాన్ని అంత శ్రద్ధగా నిర్మించిన రచన దాని మూల్యాన్ని చూపడంలో అదే శ్రద్ధ చూపలేదు. అట్లే, కథారంభంలో విలేఖరిని గొలుసులతో బంధించిన ఘోరం కొద్ది భాగాలకే హాస్యంగా మారి, బందీ, బంధించినవాడూ మిత్రులైపోతారు. ఆ స్నేహం చూడ ముచ్చటగానే ఉంటుంది. అంత త్వరగా ఎట్లు సాధ్యమని మాత్రం అడగరాదు.

వైద్యపరమైన అసంభవాలు రెండు ఉన్నాయి. మొదటిది కోమా. 15 సంవత్సరాలు మంచంలో కదలక ఉన్న మనిషికి కండరాలు క్షీణిస్తాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. కళ్ళు తెరచినా నడవడానికి ఎంతో కాలం శిక్షణ అవసరమవుతుంది. అసలు హీ-సంగ్ కొద్ది వారాలలోనే మనుషులను చంపగల బలం తెచ్చుకొంటాడు. నటుని ప్రతిభ వలన ప్రేక్షకుడు దీనిని అప్పటికి మరచిపోతాడు. రెండవది జ్ఞాపకశక్తి నష్టం. కచ్చితంగా భార్యతో గడిపిన కాలం మాత్రమే చెరిగిపోవడం కొరియన్ ధారావాహికలలో అరిగిపోయిన ఉపాయం. అంతవరకు తాను తొక్కని బాటనే తొక్కిన రచన చివరి భాగంలో పాత బాట పట్టడం చాలామంది ప్రేక్షకులకు రుచించలేదు. పేరు మార్చుకొని ప్రేమించిన మనిషి, సొంత పేరుతో మళ్ళీ మొదటినుండి ప్రేమించాలి అన్నది రచయిత ఉద్దేశమని సమర్థించేవారు కూడా ఉన్నారు. ఉద్దేశం మంచిదే. దానిని సాధించడానికి తలకు దెబ్బ తగలనవసరం లేదు.

వీటికంటె లోతైన లోపాలు రెండు.

ఒకటి, మానసిక వ్యాధి చిత్రణ. కథలో హ్యున్-సుకు బాల్యంలోనే సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత ఉన్నదని చెబుతారు. అమెరికన్ మనోవైద్య సంఘం ప్రచురించే, చాలా దేశాలలో వాడుకలో ఉన్న రోగనిర్ధారణ గ్రంథం ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారికి ఆ పేరు పెట్టరాదు. అంతేకాక ఆ రుగ్మతలో ప్రధాన లక్షణం ఇతరుల హక్కులను లెక్కచేయకపోవడం, మోసం, పశ్చాత్తాపం లేకపోవడం. తన భావాలను తాను గుర్తించలేకపోవడం కాదు. హ్యున్-సు స్థితి 1970లలో "అలెక్సిథైమియా" అనే పేరు పొందిన లక్షణానికి దగ్గరగా ఉంటుంది. అనగా భావాలు ఉండీ, వాటికి పేరు పెట్టలేకపోవడం. కథ చివరకు చెప్పేది కూడా ఇదే. బాలుడికి వేసిన ముద్ర తప్పు అని నిరూపించడమే రచన లక్ష్యం కనుక ఇది లోపం కాదని కొందరు వాదించవచ్చును. కాని ఆ ముద్రను పెద్దవాళ్ళు తప్పుగా వేశారని కథలో ఏ వైద్యుడూ స్పష్టంగా చెప్పడు. ప్రేమ వలన రుగ్మత నయమయిందన్న అభిప్రాయం ప్రేక్షకునికి మిగిలిపోయే అవకాశం ఉన్నది. అది వైద్యరీత్యా సరి కాదు, అటువంటి మనిషితో బాధలు పడుతున్న ఏ భార్యకూ మంచి సలహా కూడా కాదు.

రెండవది కథ నీతికే సంబంధించినది. పుట్టుకతో ఎవడూ హంతకుడు కాడని హ్యున్-సు విషయంలో 16 భాగాలు వాదించిన ఈ ధారావాహిక, అసలు హీ-సంగ్ విషయంలో ఆ వాదాన్ని విడిచిపెట్టింది. అతడు ఎందుకు అట్లయ్యాడన్నదానికి తల్లిదండ్రుల అతిగారాబం, దాపరికం తప్ప గట్టి కారణం కనబడదు. ఒకనిపై ఊరు వేసిన "రాక్షసుడు" అనే ముద్రను చెరిపి, అదే ముద్రను ఇంకొకని నొసట అంటించినట్లయింది. దుర్మార్గుడు ఒకడు లేకపోతే నేరకథ ముగియదు, నిజమే. హంతకుని కొడుకు నిర్దోషి కావచ్చునని నమ్మించడానికి హంతకుడు కాని వారి కొడుకును హంతకుణ్ణి చేయడం తెలివైన మలుపే. కాని హ్యున్-సు నిజంగానే కొంత నేరం చేసినవాడయి ఉంటే ఆ భార్య ఏమి చేసేదన్న కఠినమైన ప్రశ్న ఆ మలుపు వలన తప్పిపోయింది. మొదటి భాగాలు ప్రేక్షకునికి వాగ్దానం చేసిన ప్రశ్న అదే.

సమకాలీన పరిస్థితులు

ఈ ధారావాహిక వచ్చిన కాలంలో వరుస హత్యల విషయం కొరియా ప్రజల మనస్సులో తాజాగా ఉన్నది. 1986 - 1991 మధ్య హ్వసంగ్ ప్రాంతంలో జరిగిన హత్యలు ఆ దేశ చరిత్రలో చాలాకాలం తేలని కేసుగా ఉండిపోయాయి. బోంగ్ జూన్-హో 2003లో తీసిన "మెమరీస్ ఆఫ్ మర్డర్" చలనచిత్రానికి ఆధారం అవే. 2019లో డి.ఎన్.ఎ. పరీక్ష ద్వారా అసలు నేరస్థుడు తెలిశాడు. అప్పటికే అతడు వేరొక హత్యకేసులో జైలులో ఉన్నాడు. ఆ హత్యలలో ఒకదానికి దోషిగా దాదాపు 20 సంవత్సరాలు జైలులో గడిపిన నిరపరాధిని న్యాయస్థానం 2020 డిసెంబరులో నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఈ ధారావాహిక ముగిసి మూడు నెలలు కాలేదు. కథకు ఆ కేసుతో సంబంధం లేకపోయినా, తప్పుడు ముద్ర పడిన మనిషి కథ ఆ ప్రేక్షకులకు ఎందుకంత దగ్గరగా తోచిందో అర్థం చేసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది.

హంతకుని సంతానం గురించిన ఇతివృత్తం కొరియన్ టెలివిజన్‌కు కొత్త కాదు. 2018లో ఎం.బి.సి. ప్రసారం చేసిన "కమ్ అండ్ హగ్ మి"లో హంతకుని కొడుకు, బాధితుల కూతురు ప్రేమించుకొంటారు. 2021లో టి.వి.ఎన్. లోనే వచ్చిన "మౌస్" హంతక స్వభావాన్ని పుట్టుకకు ముందే కనిపెట్టగలిగితే ఏమి చేయాలన్న ఊహతో నడుస్తుంది. మూడింటినీ వరుసగా చూసినవారికి ఒకే ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

ఆదరణ

నీల్సన్ కొరియా లెక్కల ప్రకారం మొదటి భాగాన్ని 3.4 శాతం, చివరి భాగాన్ని 5.7 శాతం గృహాలు చూశాయి. కొరియాలో కేబుల్ ఛానెల్‌కు ఇది మంచి సంఖ్యే అయినా అసాధారణమైనది కాదు. ఇంటర్నెట్ ద్వారా విదేశాలలో లభించిన ఆదరణ దీనికంటె పెద్దది. 2021లో జరిగిన 57వ బేక్సాంగ్ కళా పురస్కారాలలో టెలివిజన్ విభాగంలో ఉత్తమ దర్శకునిగా కిమ్ చొల్-గ్యు ఎంపికయ్యాడు. ఉత్తమ ధారావాహిక పురస్కారం ఆ సంవత్సరం "బియాండ్ ఈవిల్"కు లభించింది.

పునర్నిర్మాణాలు

2022లో ఫిలిప్పీన్స్‌లో పియోలో పాస్కల్, లవీ పో ముఖ్య పాత్రధారులుగా ఇదే పేరుతో ఈ కథ మళ్ళీ నిర్మించబడింది.

భారతదేశంలో జీ5 సంస్థ హిందీలో "దురంగ" అనే పేరుతో నిర్మించింది. మొదటి అంకం 2022 ఆగస్టు 19న విడుదలయింది. ప్రదీప్ సర్కార్, ఐజాజ్ ఖాన్ దర్శకులు. గుల్షన్ దేవయ్య, దృష్టి ధామి దంపతులుగా నటించారు. రెండవ అంకం 2023 అక్టోబరులో వచ్చింది. దానికి రోహన్ సిప్పీ దర్శకుడు, అసలు పేరుగల వ్యక్తిగా అమిత్ సాధ్ నటించాడు. "దురంగ" అంటే రెండు రంగులు కలది. కొరియన్ పేరులోని పువ్వు పోయి, మనిషి రెండు ముఖాలు మాత్రమే మిగిలాయి. మూలకథను రెండు అంకాలుగా విడగొట్టడం వలన భర్త రహస్యానికీ, అసలు హంతకుని రాకకూ మధ్య సంవత్సరానికి పైగా విరామం ఏర్పడింది. వారానికి రెండు రాత్రుల చొప్పున ఎనిమిది వారాలలో పెరిగిన మూల ధారావాహికలోని ఒత్తిడి ఇందులో సహజంగానే తగ్గింది. మూలాన్ని చూడదలచిన విద్యార్థులు కొరియన్ సంభాషణలతో, ఉపశీర్షికల సహాయంతో చూడడం మేలు. హ్యున్-సు పాత్రలోని నటన చాలావరకు మాటలలో కాక, మాట ఆగిన చోట ముఖంలో ఉన్నది.